పాత ఎలక్ట్రానిక్ ఫిల్మ్ కెమెరా: ఏ సెల్ వెయ్యాలి, ఎలా చూసుకోవాలి

1970ల మధ్య నుంచి వచ్చిన చాలా ఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం ద్వారా లెన్స్‌లోంచే దృశ్యం చూపించే) కెమెరాల్లో షటర్ తెర కదలాలంటే కరెంటు ఉండాల్సిందే. కెనాన్ ఏఈ-1 (1976), మినోల్టా ఎక్స్-700 (1981) ఈ కోవలోవే. సెల్ అయిపోతే వీటిలో వెలుతురు కొలిచే మీటర్ ఒక్కటే ఆగదు, బటన్ నొక్కినా క్లిక్‌మనదు. ‘పనిచెయ్యడం లేదు’ అని తక్కువ ధరకు అమ్మే బాడీల్లో కొన్నింటికి తప్పు సర్క్యూట్‌లో ఉండదు. సెల్‌లోనో, అది తగిలే రేకులోనో ఉంటుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు ఈ రెండూ మీరే తేల్చుకోవచ్చు.

ఎల్ఆర్44 కాదు, ఎస్ఆర్44

నికాన్ ఎఫ్ఈ, పెంటాక్స్ ఎంఈ సూపర్, మినోల్టా ఎక్స్-700 మూడింటికీ రెండేసి బటన్ సెల్స్ పడతాయి. ఎల్ఆర్44, ఎస్ఆర్44 రెండూ ఒకే కొలత: 11.6 మి.మీ. వ్యాసం, 5.4 మి.మీ. మందం. తేడా లోపలి రసాయనంలో ఉంది. ఎల్ఆర్ అంటే ఆల్కలైన్. 1.5 వోల్టుల దగ్గర మొదలై వాడుతున్నకొద్దీ దిగిపోతూ ఉంటుంది. ఎస్ఆర్ అంటే సిల్వర్ ఆక్సైడ్. దాదాపు చివరిదాకా 1.55 వోల్టుల దగ్గరే నిలిచి, ఆఖర్లో ఒక్కసారిగా పడిపోతుంది.

కెమెరాకు ఈ తేడా ముఖ్యం. మీటర్ నడవడానికి చాలా తక్కువ కరెంటు చాలు. షటర్‌ను పట్టి వదిలే విద్యుదయస్కాంతానికి మాత్రం ఆ క్షణంలో ఎక్కువ కరెంటు కావాలి. సగం అరిగిన ఆల్కలైన్ సెల్ వోల్టేజి సరిగ్గా అప్పుడే కుంగుతుంది. దాంతో అద్దం పైకి లేచి అక్కడే ఇరుక్కుపోతుంది. వ్యూఫైండర్‌లో లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి సెల్ బాగానే ఉందని పొరపడేది ఇక్కడే. పైగా ఆల్కలైన్ సెల్ కారడం ఎక్కువ. సిల్వర్ సెల్ కూడా ఏళ్ల తరబడి వదిలేస్తే కారవచ్చు గానీ, అది అరుదు.

వాచీ రిపేరు దుకాణంలో 357 అని అడగండి, సిల్వర్ సెల్ ఇస్తారు. అదే కొలతలో 303 కూడా ఉంటుంది. అది వాచీల్లాంటి తక్కువ కరెంటు పనికి చేసింది, కాబట్టి కెమెరాకు 357 మేలు. అట్ట మీద పది సెల్స్ వరసగా అతికించి ఏజీ13 పేరుతో అమ్మేవి ఆల్కలైన్. బొమ్మలకు సరిపోతాయి, వీటికి వద్దు. రెండు సెల్స్ పట్టే చోట ఒకటే పాతది తీసి కొత్తది వెయ్యకండి. రెండూ ఒకే ప్యాకెట్‌వి, ఒకేసారి మార్చండి. వాటి బదులు 3 వోల్టుల సీఆర్1/3ఎన్ లిథియం సెల్ ఒక్కటి వెయ్యవచ్చా అన్నది మీ కెమెరా మాన్యువల్‌లో చూడండి. ఒప్పుకునే వాటిలో అదే ఉత్తమం, నిల్వ కూడా ఎక్కువ కాలం ఉంటుంది.

కెనాన్ ఏఈ-1, ఏ-1, ఏఈ-1 ప్రోగ్రామ్‌లకు 6 వోల్టుల 4ఎల్ఆర్44 పడుతుంది. దీనికీ సిల్వర్ రకం 4ఎస్ఆర్44 ఉంది, దొరికితే అదే కొనండి. దొరక్కపోతే నాలుగు 357 సెల్స్ వరసగా పేర్చి మందపాటి కాగితం గొట్టంలో పెట్టవచ్చు. అయితే వాటి పొడవు 21.6 మి.మీ. మాత్రమే, 4ఎల్ఆర్44 పొడవు సుమారు 25 మి.మీ. మిగిలిన మూడున్నర మి.మీ. ఖాళీలో ఇత్తడి బిళ్ల పెట్టాలి. నలిపిన అల్యూమినియం ఫాయిల్ పెడితే నొక్కుడు నిలవదు, కెమెరా కదిలినప్పుడల్లా కరెంటు తెగుతుంది. ఈ కెమెరాల సెల్ తలుపు ప్లాస్టిక్‌ది, కొక్కెం సులువుగా విరుగుతుంది. గోరుతో బలవంతంగా లాగకండి.

పరీక్ష

కొత్త సిల్వర్ సెల్ మల్టీమీటర్‌లో 1.55 లేదా కాస్త పైన చూపించాలి. 4ఎస్ఆర్44 అయితే 6.2 లేదా ఆపైన ఉండాలి. కానీ ఊరికే కొలిస్తే నీరసించిన సెల్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. అసలు పరీక్ష భారం పెట్టి చెయ్యాలి. 6 వోల్టుల సెల్‌కు 470 ఓమ్‌ల రెసిస్టర్, రెండు బటన్ సెల్స్ జతకు 220 ఓమ్‌లది రెండు కొసలకూ తగిలేలా పట్టి, ఐదు సెకన్ల పాటు వోల్టేజి చూడండి. రెండు సందర్భాల్లోనూ దాదాపు 13 మిల్లీఆంప్స్ లాగుతుంది. మొదటిది 5.5 కంటే, రెండోది 2.8 కంటే దిగితే మార్చేయడమే మంచిది.

కెమెరాల్లోనూ పరీక్ష ఏర్పాట్లున్నాయి. ఏఈ-1లో చెక్ బటన్ నొక్కితే వ్యూఫైండర్ ముల్లు 5.6 అంకె దగ్గరున్న గుర్తుకు గానీ, దాని కిందికి గానీ రావాలి. ఎఫ్ఈలో వెనకవైపు చిన్న మీట నొక్కితే ఎర్ర దీపం వెలగాలి. ఎంఈ సూపర్‌లో సెల్ తగ్గితే లోపలి దీపాలు మినుకుమినుకుమంటాయి.

సెల్ దారిలో అయిపోతే కొన్నింటికి దారి ఉంది. ఎంఈ సూపర్‌లో అద్దం ఇరుక్కుంటే డయల్‌ను 125ఎక్స్‌కు (సెకనులో 125వ వంతు వేగానికి) తిప్పండి, కిందికి దిగుతుంది. ఆ ఒక్క వేగం, ‘బల్బ్’ (బటన్ నొక్కినంతసేపూ షటర్ తెరిచి ఉంచేది) మాత్రం సెల్ లేకుండానే నడుస్తాయి. ఎఫ్ఈకి ఎం90, ఎఫ్ఈ2కి ఎం250 అలాంటివే. ఏఈ-1కీ, ఎక్స్-700కీ ఈ వెసులుబాటు లేదు. బయటికి తీసుకెళ్తే అదనపు సెల్ ఉండాల్సిందే.

చిలుము పట్టిన గది శుభ్రం చెయ్యడం

సెల్ గదిలో కనిపించే తెల్ల పొడి, కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలి తగిలి మారిన రూపం. పచ్చగా, నీలంగా ఉన్నది అది రాగిని తినగా వచ్చిన చిలుము. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. గది నోరు కిందికి ఉండేలా కెమెరా పట్టుకుని చెక్క పుల్లతో గీకండి. పొడి బయటికే రాలాలి, లోపలికి పోకూడదు.

తర్వాత ఇయర్‌బడ్‌ను తెల్ల వెనిగర్‌లో ముంచి, బాగా పిండి, రేకు మీద అద్దండి. కాస్త బుడగలు వస్తాయి. బుడగలు ఆగేదాకా బడ్ మార్చి మార్చి అద్దాలి. నేరుగా చుక్కలు వెయ్యకండి, లోపలికి జారితే వెనిగరే కొత్త తుప్పు తెస్తుంది. ఆపైన డిస్టిల్డ్ వాటర్ తడిపిన బడ్, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గంటసేపు ఆరనివ్వండి. ఇంకా మరక ఉంటే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. గరుకు కాగితం వాడితే రేకు మీది పూత పోతుంది. పూత పోయిన రేకు మళ్లీ త్వరగా చిలుము పడుతుంది.

మూతను చాలామంది మరచిపోతారు. నాణెంతో తిప్పే మూత ఉన్న కెమెరాల్లో కరెంటు చాలాసార్లు ఆ మూత మరల (స్క్రూ గాట్ల) ద్వారానే బాడీకి చేరుతుంది. సెల్ కొత్తదైనా, రేకు మెరుస్తున్నా, మరల్లో నల్లటి మురికి ఉంటే కెమెరా నిద్ర లేవదు. పాత టూత్‌బ్రష్‌తో, ఆల్కహాల్‌తో మూత మరలూ, బాడీ మరలూ తోమండి.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే చిలుము రేకు వెనకున్న వైరులోకి పాకి ఉంటుంది. వైరు పైతొడుగు బాగానే కనిపించినా లోపలి రాగి నల్లబడిపోతుంది. అడుగు పలక విప్పి, రేకుకూ వైరు అవతలి చివరి టంకానికీ మధ్య నిరోధం కొలవండి. ఒక ఓమ్ లోపే ఉండాలి. కొన్ని ఓమ్‌లు చూపిస్తే ఆ వైరు ముక్క మార్చాలి. నల్లబడిన రాగికి టంకం అతకదు, కాబట్టి మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించండి. ఫ్లాష్ బాడీలోనే ఉన్న చిన్న కెమెరాలను మాత్రం ఇంట్లో విప్పకండి. వాటి ఫ్లాష్ కెపాసిటర్‌లో (కరెంటు నిల్వ చేసే భాగంలో) సెల్ తీసేశాక కూడా 300 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు.

ఎక్స్-700 విషయంలో ఒక మాట. కొత్త సిల్వర్ సెల్స్ వేశారు, వ్యూఫైండర్ దీపాలు వెలుగుతున్నాయి, అయినా షటర్ పడదు, వైండింగ్ మీట (ఫిల్మ్‌ను ముందుకు జరిపేది) కదలదు. అలాగైతే అడుగు పలక దగ్గరున్న కెపాసిటర్‌ను అనుమానించండి. ఈ మోడల్‌కు బాగా తెలిసిన జబ్బు ఇది. మార్చదగ్గదే, ఖరీదైన భాగమూ కాదు.

రోజువారీ జాగ్రత్తలు

సెల్‌ను వేళ్లతో రెండువైపులా పట్టుకోకండి, చెమట ఉప్పు రేకు మీద పొర కడుతుంది. పొడి గుడ్డతో తుడిచి వెయ్యండి. ఎఫ్ఈలో వైండింగ్ మీట కాస్త బయటికి ఉంటే మీటర్ ఆన్‌లో ఉంటుంది, వాడనప్పుడు బాడీకి ఆనించి పెట్టండి. ఏ-1, ఏఈ-1 ప్రోగ్రామ్‌లకూ, ఎంఈ సూపర్‌కూ స్విచ్ లేదా డయల్‌ను ‘ఎల్’ (లాక్) గుర్తు దగ్గర పెట్టాలి. లేకపోతే సంచిలో బటన్ సగం నొక్కుకుపోయి సెల్ తెల్లారేసరికి ఖాళీ. నెలకు మించి వాడకపోతే సెల్ తీసెయ్యండి.

విశాఖ, కాకినాడల్లాంటి తీరప్రాంతంలో ఉప్పుగాలికి రేకులు త్వరగా మసకబారతాయి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచి, రెండు మూడు నెలలకోసారి రేకులను ఆల్కహాల్‌తో తుడవండి. ఎండాకాలం కారులో వదిలితే సెల్ కారే ప్రమాదం పెరుగుతుంది. చలికాలం తెల్లవారుజామున లంబసింగిలో తీసేవాళ్లు అదనపు సెల్ చొక్కా లోపలి జేబులో వెచ్చగా ఉంచుకోవాలి. చలికి మొరాయించిన సెల్ వెచ్చబడితే మళ్లీ పనిచేస్తుంది, పారెయ్యకండి.

ఇంకాస్త ముందుతరం కెమెరాలు పాదరసం సెల్‌కు తయారైనవి. ఒలింపస్ ఓఎం-1 మీటర్‌కు 1.35 వోల్టుల పీఎక్స్625 కావాలి, అది ఇప్పుడు తయారవడం లేదు. దాని బదులు 1.5 వోల్టులది వేస్తే మీటర్ ఉన్నదానికంటే వెలుతురు ఎక్కువుందని చెబుతుంది, ఫోటో చీకటిగా వస్తుంది. వినికిడి యంత్రాల 675 జింక్ ఎయిర్ సెల్ 1.4 వోల్టులిస్తుంది. 15.6 మి.మీ. గది మధ్యలో నిలవడానికి దాని చుట్టూ రబ్బరు రింగు వెయ్యాలి. స్టిక్కర్ పీకాక ఒకటి రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వెయ్యండి. ఒకసారి పీకితే వాడినా వాడకపోయినా కొద్ది నెలల్లో ఎండిపోతుంది, అందుకే ఫిల్మ్ లోడ్ చేసేటప్పుడే పీకండి.