జబ్బు చేసి వదిలేసిన కోర్సులతో యూసీకి ట్రాన్స్‌ఫర్ కావడం ఎలా?

కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారే కాలేజీ) కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ట్రాన్‌స్క్రిప్ట్‌లో రెండు మూడు 'డబ్ల్యూ'లు (మధ్యలో వదిలేసిన కోర్సుకు వేసే గుర్తు) పడగానే మన పిల్లలు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) మీద ఆశ వదిలేసుకుంటారు. వెంట వచ్చిన తల్లిదండ్రులైతే "జబ్బు సంగతి మాత్రం ఎక్కడా రాయించకండి మేడమ్" అంటారు. డబ్ల్యూ జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, కలవదు. కారణం చెప్పకుండా వదిలేస్తేనే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

ముందు ట్రాన్‌స్క్రిప్ట్ సంగతి చూసుకోండి. మన రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల్లో జబ్బు, ప్రమాదం లాంటి కారణాలతో మానేసినవాళ్లకు 'ఈడబ్ల్యూ' అనే గుర్తు వేరే ఉంది. మామూలు డబ్ల్యూ ఒక ప్రయత్నం కింద లెక్క. అలా మూడు ప్రయత్నాలు అయిపోతే ఆ కోర్సులో మళ్లీ చేరడం కష్టం. ఈడబ్ల్యూ ఆ లెక్కలోకీ రాదు, ప్రొబేషన్ (చదువులో వెనకబడితే కాలేజీ ఇచ్చే హెచ్చరిక) లెక్కలోకీ రాదు. సెమిస్టర్ ముగిశాక కూడా అడగవచ్చు. అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్ విభాగంలో ఫారం ఇచ్చి, డాక్టర్ ఉత్తరం జత చేయండి. అందులో తేదీలే ప్రాణం: ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చికిత్సలో ఉన్నారు, క్లాసులకు ఎందుకు రాలేకపోయారు. మందుల చీటీలు, బిల్లులు కట్టగట్టి తెస్తే ఎవరికీ చదివే ఓపిక ఉండదు. హైదరాబాదో విజయవాడో వెళ్లి చూపించుకున్నవాళ్లు అక్కడి డాక్టర్ చేత లెటర్‌హెడ్ మీద ఇంగ్లిషులో రాయించుకుని రండి.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం కోర్సు వదలకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లాలి. సెమిస్టర్‌కు 12 యూనిట్ల (క్రెడిట్ల) కంటే తగ్గాలంటే డీఎస్‌ఓ (ఆ ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి) ముందుగా సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు) అనుమతి నమోదు చేయాలి. వైద్య కారణంతో ఇచ్చే ఈ వెసులుబాటు ఒక చదువు స్థాయిలో మొత్తం 12 నెలలకు మించదు. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన కాగితం ఇందుకు పనికిరాదు, లైసెన్సు ఉన్న డాక్టరో క్లినికల్ సైకాలజిస్టో రాయాలి.

ఫెడరల్ ఎయిడ్ (చదువుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం) తీసుకునేవాళ్లు, తీసుకున్న యూనిట్లలో దాదాపు 67 శాతం పూర్తి చేశారో లేదో చూసుకోండి. డబ్ల్యూలతో అది తగ్గితే అప్పీలు చేసుకోవచ్చు. దానికీ అదే డాక్టర్ ఉత్తరం.

ఇక యూసీ దరఖాస్తు. వదిలేసిన కోర్సులతో సహా అన్నీ నమోదు చేయాల్సిందే. సీటు వచ్చాక అసలు ట్రాన్‌స్క్రిప్ట్ ఎలాగూ వెళ్తుంది, తేడా బయటపడితే వచ్చిన సీటు పోవచ్చు. కారణం రాయడానికి అదనపు వ్యాఖ్యల పెట్టె ఉంది. పిల్లలు నాకు చూపించే మొదటి ప్రతి ఇంచుమించు ఇలా ఉంటుంది: "చిన్ననాటి నుంచి ఇంజనీరు కావాలని కలలుగన్న నా జీవితంలో విధి ఊహించని మలుపు తిప్పింది..." విధిని కొట్టేస్తాను, కలల్ని కొట్టేస్తాను. చివరికి మిగిలేది ఇంత:

"2024 స్ప్రింగ్‌లో క్రోన్స్ జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరాను. ఫిజిక్స్, కాలిక్యులస్ కోర్సులు వదులుకోవలసి వచ్చింది. చికిత్స కుదిరాక ఆ ఏడాది ఫాల్‌లో రెండూ మళ్లీ తీసుకుని ఏ, బీ గ్రేడ్లు తెచ్చుకున్నాను."

ఇంతకు మించి అక్కర్లేదు. మూడో వాక్యం కోసమే చదివేవాళ్లు మొదటి రెండూ చదువుతారు. జబ్బు పేరు చెప్పడం ఇష్టం లేకపోతే 'డాక్టర్ల పర్యవేక్షణలో చికిత్స తీసుకున్నాను' అనండి. డిప్రెషన్ విషయంలో నేను తరచూ ఇదే సలహా ఇస్తాను.

ఆ మూడో వాక్యం రాయగలగాలంటే తిరిగి వచ్చిన సెమిస్టర్‌లో కోర్సుల బరువు తగ్గించుకోవాలి. పోయిన కాలాన్ని ఒక్కసారిగా రాబట్టాలని 18 యూనిట్లు వేసుకుని మళ్లీ డబ్ల్యూలు తెచ్చుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. డీఎస్‌పీఎస్ (వైకల్యం, దీర్ఘకాలిక జబ్బులు ఉన్న విద్యార్థులకు సాయపడే) విభాగంలో పేరు నమోదు చేసుకుంటే పరీక్షకు అదనపు సమయం లాంటివి ఇస్తారు. ఆ సంగతి ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనబడదు.

యూసీలోని డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లకు 'టాగ్' అనే ప్రవేశ హామీ ఉంది. దానికి సెప్టెంబరులోనే దరఖాస్తు చేయాలి. ట్రాన్స్‌ఫర్ నాటికి 60 సెమిస్టర్ యూనిట్లు కావాలి, వదిలేసిన కోర్సుకు యూనిట్లు రావు కాబట్టి ఆ లోటు సమ్మర్‌లోనో తర్వాతి టర్మ్‌లోనో ఎలా పూడుతుందో ముందే కాగితం మీద వేసుకోండి. జనవరిలో ఫాల్ గ్రేడ్లు, స్ప్రింగ్ కోర్సులు మళ్లీ నమోదు చేయమంటారు. సీటు వచ్చాక ఆరోగ్యం తిరగబెట్టి ఇంకో కోర్సు వదలాల్సివస్తే, వదిలిన వెంటనే ఆ క్యాంపస్‌కు తెలియజేయండి.