విడిపోయాక బిడ్డను ట్యాక్స్‌లో ఎవరు చూపాలి?

అమెరికాలో మేం విడిపోయిన ఏడాది పాపను ఇద్దరం ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా (మా మీద ఆధారపడిన వ్యక్తిగా) చూపించాం. ఆయన ముందే ఫైల్ చేయడంతో నా ఈ-ఫైల్ రిజెక్ట్ అయింది. ఎంత టెన్షన్ పడ్డానో! మీకు ఆ తిప్పలు వద్దు.

ముందు క్యాలెండర్ తీసి రాత్రులు లెక్కపెట్టండి. ఏడాదిలో బిడ్డ ఎక్కువ రాత్రులు ఎవరి దగ్గర ఉంటే ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) లెక్కలో హక్కు వాళ్లది. సరిసమానమైతే ఏజీఐ (కొన్ని మినహాయింపులు పోగా లెక్కేసే ఆదాయం) ఎక్కువున్నవాళ్లది.

ఆ హక్కు రెండోవాళ్లకు వదులుకోవాలంటే ఫారం 8332 మీద సంతకం చేయాలి. 2008 తర్వాతి విడాకులకు కోర్టు డిక్రీ కాగితాలు జతచేస్తే చాలదు. దీంతో 17 ఏళ్లలోపు బిడ్డకు వచ్చే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ (పన్నులో తగ్గింపు) అటు వెళ్తుంది. ఈఐటీసీ (తక్కువ, మధ్యస్థ సంపాదన ఉన్నవాళ్లకిచ్చే క్రెడిట్), హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఒంటరిగా ఇల్లు నడిపేవాళ్లకు పన్ను తగ్గే ఫైలింగ్ స్టేటస్), డేకేర్ ఖర్చుల క్రెడిట్ మాత్రం వెళ్లవు. అర్హత ఉంటే మీరే తీసుకోండి. సంతకం ఒక్క ఏడాదికా, రాబోయే ఏళ్లకూనా అన్నది తప్పకుండా చదవండి.