విద్యార్థులతో ఉదయగిరి కొండ ఎక్కి దిగడం ఎలా?

కాలేజీ పిల్లల్ని నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండమీది కోటకు తీసుకెళ్లడం నాకు ఏటా ఉన్న పనే. వెళ్లిన ప్రతిసారీ ముందు వచ్చిన బ్యాచ్ వదిలేసిన ప్లాస్టిక్ ఎదురవుతుంది. చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

సంక్రాంతి తర్వాత, శివరాత్రిలోపు వెళ్లాలి. మన నెల్లూరు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి అప్పుడు రాళ్లు జారతాయి. శివరాత్రి దాటితే అవే రాళ్లు కాలతాయి. పాతికమందికి మించొద్దు. అటవీ శాఖ వాళ్లకు ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ఇక్కడి వెలిగొండల్లో ఎర్రచందనం ఉంది, గుంపుగా కనిపిస్తే ఆపి అడుగుతారు. చేతికర్ర కావాలంటే ఇంటి నుంచే తెచ్చుకోవాలి, అక్కడ కొమ్మ విరవకూడదు.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, స్టీలు డబ్బాలో పులిహోర, పట్టున్న బూట్లు. స్పీకర్ వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి నెల్లూరులో బస్సు కదలాలి. దారి తెలిసిన ఊరి మనిషిని మాట్లాడుకోండి, బేరమాడొద్దు. ఎక్కడం గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కొండమీదే టెంట్లు వేసి రాత్రి ఉంటే బాగుంటుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. రాత్రి ఉంటే చలిమంట కావాలి, మంటకు కట్టెలు కావాలి. చుట్టూ ఎండిన గడ్డి, ఒక్క నిప్పురవ్వ చాలు. తెల్లారి వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరడమే పద్ధతి.

పైన గోడ నీడన కూర్చోబెట్టి కోట కథ చెప్పండి. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, ఏడాది దాటాక ఒడిశా రాజులైన గజపతుల నుంచి ఈ కోట గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపి తీసుకెళ్లి 1515లో ప్రతిష్ఠించాడు. ఒకసారి మా కుర్రాడొకడు పాత మసీదు గచ్చుమీద రాయితో తన పేరు మొదలుపెట్టాడు. చేయి పట్టుకుని ఆపేసరికి ఒక అక్షరం పడిపోయింది, వాడి వేళ్లనిండా సున్నం పొడి. అప్పటి నుంచి కథ ముందు, తిరగడం తర్వాత.

ఇక దిగడం. తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

కడుపు నిండి ఉంటుంది, కాళ్లు వణుకుతుంటాయి, ఇంటికెళ్లే తొందర. పిల్లలు పరుగు తీస్తారు. పరుగు ఒప్పుకోవద్దు. సన్న గులకమీద పాదం అడ్డంగా వేయాలి, నిటారు బండ దగ్గర కూర్చుని జరగాలి. సిగ్గుపడే వాళ్లకు ముందు మీరే కూర్చుని చూపించండి. ముందు ఒక పెద్ద, చివర ఒక పెద్ద, మధ్యలో ఎవరూ ఎవరినీ దాటకూడదు. పైవాడు కదిలించిన రాయి కిందవాడి తలకు తగలకుండా మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉంచండి.

అడ్డదారి అసలే వద్దు. పదిమంది ఒకేచోట దారి వదిలి దిగితే గడ్డి వేళ్లతో సహా లేచిపోతుంది. వానాకాలంలో నీళ్లు ఆ గాడినే పట్టుకుని మట్టిని కోసుకుపోతాయి.

సీసాలు కూడా దిగేటప్పుడే పొదల్లోకి వెళ్తాయి. నిండు సీసాను ఎవరూ పారేయరు, ఖాళీది విసిరేస్తారు. అందుకే ఎక్కే ముందే ఎవరి దగ్గర ఎన్ని సీసాలున్నాయో నోటుబుక్కులో రాసుకోండి, మూతలతో సహా. దిగబోయే ముందు లెక్క, సగం దారిలో మళ్లీ లెక్క. కింద ఒక్కసారి లెక్కపెడితే చాలదా అనొద్దు, అప్పటికి వెనక్కి ఎక్కి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. పోయినేడాది సగం దారిలో ఒక నీలం మూత తగ్గింది. పావుగంట వెతికితే కాస్త పైన బండ పగులులో దొరికింది, పుల్లతో గీరి తీశాం.

కింద ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే వాళ్లున్నారు. కొంటే వాళ్ల దగ్గరే కొనండి, చెప్పిన ధరకు. చెత్త సంచులు మాత్రం ఉదయగిరిలో దించొద్దు. మా సంచులు బస్సులోనే నెల్లూరు వస్తాయి, మర్నాడు పిల్లలే విడదీసి మున్సిపాలిటీ బండికి ఇస్తారు.