పాత వెదురు ఫ్లై రాడ్‌కు తొలి యజమాని ఎవరు? అన్వేషణలో వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

అమెరికాలోనో ఇంగ్లండులోనో పాత ఇంటి సామాను అమ్మకంలో కొన్న వెదురు ఫ్లై రాడ్ (ఈగలాంటి కృత్రిమ ఎరతో చేపలు పట్టే కర్ర) మీద ఒక పేరో, కొన్ని పొడి అక్షరాలో, ఒక అంకెల వరుసో కనిపించగానే దాన్ని మొదట ఎవరు వాడారో తెలుసుకోవాలనిపించడం సహజం. అయితే ఇలాంటి అన్వేషణలు చాలావరకు రికార్డులు లేక కాదు, రాడ్‌ను సరిగా చదవక ఆగిపోతాయి. రాడ్ మీది గుర్తుల్లో కొన్ని తయారీదారువి, కొన్ని అమ్మిన దుకాణానివి, కొన్ని దానికి వాడవలసిన లైనుకు, అంటే చేపలు పట్టే దారానికి, సంబంధించినవి. యజమాని గుర్తులు వాటి మధ్య ఎక్కడో ఒక మూల ఉంటాయి, లేదా అసలు ఉండవు. ఏది ఎవరి గుర్తో తేల్చుకున్న తరువాతే రికార్డుల జోలికి వెళ్లాలి.

ఇక్కడ చెబుతున్నవన్నీ ఆరు వెదురు బద్దలను త్రికోణాకారంగా చెక్కి, అంటించి, ఆరు పలకల కర్రగా చేసిన రాడ్లకు, ముఖ్యంగా 19వ శతాబ్దం చివరి నుంచి 1960ల దాకా వచ్చిన వాటికి వర్తిస్తాయి. అన్నిటికన్నా ముందు పాటించవలసిన నియమం ఒకటుంది. గుర్తులన్నీ చదివి, ఫొటోలు తీసుకునే వరకు రాడ్‌ను తుడవకూడదు, మెరుగు పెట్టకూడదు, మళ్లీ వార్నిష్ వేయించకూడదు.

సమస్య: రాడ్ మీద పేరు స్పష్టంగా ఉన్నా, ఆ పేరు గల మనిషి ఎక్కడా దొరకడం లేదు

అది మనిషి పేరు కాకపోవచ్చు. న్యూయార్క్‌లోని విలియం మిల్స్ అండ్ సన్, అబెర్‌క్రోంబీ అండ్ ఫిచ్, షికాగోలోని వాన్ లెంగర్కే అండ్ ఆంట్వాన్ వంటి దుకాణాలు ఇతరులు చేసిన రాడ్ల మీద తమ పేర్లు వేసి అమ్మేవి. హైరమ్ లెనర్డ్ సంస్థ రాడ్లను మిల్స్ దుకాణం అమ్మేది. న్యూయార్క్ రాష్ట్రంలోని హైలాండ్ మిల్స్ ఊరిలో జిమ్ పేన్ చేసిన రాడ్లు అబెర్‌క్రోంబీ పేరుతోనూ బయటికి వెళ్లాయి. కాబట్టి పిడి చివర లోహపు మూత మీద, లైను చుట్టే రీలును బిగించే రీల్ సీటు మీద అచ్చుగుద్దినట్టు ఒత్తిన పేరు కనిపిస్తే, అది తయారీదారుదో దుకాణానిదో అనుకుని మొదలుపెట్టడం మంచిది. యజమాని పేరు సాధారణంగా చేతిరాతలో, పిడికి పైన వెదురు పలక మీద సిరాతో ఉంటుంది, లేదా లోహం మీద సూదిమొనతో చెక్కి ఉంటుంది. దుకాణం పేరు తేలడం కూడా వృథా కాదు, ఎందుకంటే కొన్న మనిషి ఏ ఊరి చుట్టుపక్కల తిరిగేవాడో అది కొంత సూచిస్తుంది. కాకపోతే ఈ దుకాణాలకు తపాలా ద్వారా అమ్మకాలు కూడా ఉండేవి కనుక దాన్ని రుజువుగా తీసుకోకూడదు.

సమస్య: మూడు పొడి అక్షరాలు ఉన్నాయి, కానీ వాటికి సరిపోయే వ్యక్తి లేడు

ఈ రంగంలో అతి తరచుగా జరిగే పొరపాటు ఇదే కనుక కొంచెం విపులంగా చెప్పాలి. పిడికి పైన పలక మీద హెచ్-డి-హెచ్, హెచ్-సి-హెచ్, హెచ్-ఇ-హెచ్, జి-బి-ఎఫ్ వంటి అక్షరాలు కనిపిస్తే అవి ఏ మనిషికీ చెందినవి కావు. పట్టు లైన్ల కాలంలో లైను మందాన్ని అక్షరాలతో సూచించేవారు. 'ఎ' అంటే అంగుళంలో వెయ్యింట 60 వంతులు. అక్కడి నుంచి ఒక్కో అక్షరానికి 5 వంతుల చొప్పున తగ్గుతూ 'డి' దగ్గర 45, 'హెచ్' దగ్గర 25 వంతులవుతుంది. అంటే హెచ్-డి-హెచ్ అన్నది రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉండే లైను. జి-బి-ఎఫ్ అన్నది బరువు ముందుకు ఉండే లైను. 1960ల ఆరంభంలో అమెరికా తయారీదారుల సంఘం ఈ పద్ధతిని బరువును బట్టి ఇచ్చే అంకెలకు మార్చింది. అందువల్ల అక్షరాల కోడ్ ఉన్న రాడ్ సాధారణంగా ఆ మార్పుకు ముందుదై ఉంటుంది. యజమానిని చూపని ఆ అక్షరాలే యజమాని ఏ కాలం వాడో చూపుతున్నాయన్నమాట.

ఒకవేళ అక్షరాలు ఈ కోడ్‌కు సరిపోకపోతే, అవి లోహపు మూత మీద అలంకారంగా చెక్కి ఉంటే, అప్పుడు వాటిని పొడి అక్షరాలుగా చదవవచ్చు. ఇక్కడ ఇంటిపేరు ముందు రాసే అలవాటున్న మనం ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. మూడు అక్షరాలూ ఒకే పరిమాణంలో ఉంటే పాశ్చాత్య పద్ధతిలో చివరిది ఇంటిపేరు. నడిమి అక్షరం పెద్దదిగా, రెండు పక్కలవి చిన్నవిగా ఉంటే నడిమిదే ఇంటిపేరు. ఈ ఒక్క తేడా గమనించక వేరే ఇంటిపేరుతో నెలల తరబడి వెతికేవారున్నారు.

సమస్య: సంఖ్య ఉంది, అది దేనిదో తెలియడం లేదు

సంఖ్యలు కనీసం అయిదు రకాలు. మొదటిది నమూనా సంఖ్య: డెట్రాయిట్‌కు చెందిన లైల్ డికర్సన్ రాడ్ మీద 8013 అని ఉంటే అది ఎనిమిది అడుగుల పొడవును, ముక్కలను కలిపే ఫెరూల్ 13/64 అంగుళం అన్న కొలతను చెబుతుంది. మిషిగన్‌లోని హెడ్డన్ సంస్థ రాడ్ల మీది 17, 35, 50 వంటివి కూడా నమూనాలే. రెండవది పేటెంటు సంవత్సరం: లెనర్డ్ ఫెరూళ్ల మీద 1875, 1878 సంవత్సరాలు ఒత్తి ఉంటాయి. ఆ ఏళ్లు పేటెంటువే తప్ప రాడ్‌వి కావు. అదే ముద్రతో ఆ తరువాత చాలా ఏళ్లపాటు రాడ్లు వచ్చాయి. మూడవది తయారీ వరుస సంఖ్య. ఇంగ్లండులో ఆన్విక్ పట్టణపు హార్డీ బ్రదర్స్ రాడ్ల మీద అక్షరంతో మొదలయ్యే ఇలాంటి సంఖ్య ఉంటుంది. దాన్ని బట్టి తయారైన కాలాన్ని అంచనా వేయవచ్చు, కానీ సంఖ్య ఒక్కటే పేరు చెప్పదు.

నాలుగు, అయిదు రకాలే యజమాని దగ్గరికి తీసుకువెళ్లేవి. రీల్ సీటు మీద వణుకుతున్న గీతలతో తొమ్మిది అంకెలు చెక్కి ఉంటే అది అమెరికా ప్రభుత్వం వ్యక్తులకు ఇచ్చే సోషల్ సెక్యూరిటీ సంఖ్య కావచ్చు. కాలిఫోర్నియాలోని మాంటెరే పార్క్‌లో 1963లో మొదలైన ఆపరేషన్ ఐడెంటిఫికేషన్ కార్యక్రమం కింద, దొంగతనం జరిగితే గుర్తుపట్టడానికి విలువైన వస్తువుల మీద తమ సంఖ్యలు చెక్కుకోమని పోలీసులు ప్రజలను ప్రోత్సహించారు. డ్రైవింగ్ లైసెన్సు సంఖ్యలు చెక్కుకున్నవారూ ఉన్నారు. సోషల్ సెక్యూరిటీ సంఖ్యలు 1936 నుంచి ఇస్తున్నారు. 2011 దాకా మొదటి మూడు అంకెలు రాష్ట్రాన్ని బట్టి ఉండేవి: 050 నుంచి 134 వరకు న్యూయార్క్‌వి, 521 నుంచి 524 వరకు కొలరాడోవి. ఆ వ్యక్తి మరణించి ఉంటే సోషల్ సెక్యూరిటీ మరణ సూచికలో సంఖ్యతో వెతకవచ్చు. ఆపైన రుసుము కట్టి, అతడు మొదట నింపిన దరఖాస్తు నకలు తెప్పించుకుంటే పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు కూడా తెలుస్తాయి. ఈ సంఖ్యను మాత్రం ఫొటోల్లో కప్పివేయాలి, బహిరంగంగా ఎక్కడా పెట్టకూడదు. ఆ మనిషి బతికే ఉండవచ్చు.

రాడ్‌ను దాచే గొట్టం మీద ఎనిమిది అంకెలు, లేదా 'ఓ' అక్షరం తరువాత అంకెలు ఉంటే అది రెండవ ప్రపంచ యుద్ధ కాలపు సైనిక సంఖ్య అయ్యే అవకాశం ఉంది. 'ఓ' అధికారులకు ఇచ్చినది. అమెరికా జాతీయ ఆర్కైవ్స్ ఆన్‌లైన్‌లో ఉంచిన సైనిక చేరిక రికార్డులు దాదాపు 90 లక్షలున్నాయి, వాటిలో సంఖ్యతోనే వెతకవచ్చు. పూర్తి సేవా పత్రాలు దొరకకపోతే మన వెతుకులాటలో లోపముందని అనుకోనక్కరలేదు. సైనిక పత్రాలు దాచిన సెయింట్ లూయిస్ కార్యాలయంలో 1973 జూలై 12న జరిగిన అగ్నిప్రమాదంలో, 1912కూ 1960కీ మధ్య సైన్యం నుంచి విడుదలైనవారి పత్రాలు సుమారు 80 శాతం కాలిపోయాయి.

సమస్య: రాత ఉందని తెలుస్తోంది, చదవడానికి వీలుకావడం లేదు

కాలం గడిచేకొద్దీ వార్నిష్ పసుపుగా, ఆపైన గోధుమరంగుగా మారి దాని కింది నల్ల సిరాను మింగేస్తుంది. చాలామంది ఇక్కడే స్పిరిట్‌తో తుడుస్తారు. లక్కతో చేసిన పూత స్పిరిట్‌కు కరిగిపోతుంది, దానితోపాటు రాత కూడా పోతుంది. అలా కాకుండా, చీకటి గదిలో రాడ్‌ను బల్ల మీద పెట్టి, టార్చిని దాదాపు కర్రకు సమాంతరంగా పట్టుకుని పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు వేయాలి. పిడి అంచు నుంచి లైను దూర్చే మొదటి రింగు దాకా ఆరు పలకలనూ ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూడాలి, ఎందుకంటే తయారీదారు పేరు ఒక పలక మీద ఉంటే యజమాని పేరు దాని ఎదుటి పలక మీద ఉండవచ్చు. తరువాత అతినీలలోహిత టార్చితో చూస్తే పాత వార్నిష్ వెలుగుతుంది, సిరా గీతలు దాని మధ్య నల్లగా నిలుస్తాయి. జర్మన్ సిల్వర్ మూత మీద అరిగిపోయిన చెక్కడం ఉంటే మెరుగు పెట్టకుండా, చిటికెడు టాల్కం పొడి చల్లి మెత్తటి గుడ్డతో పైపైన తుడిస్తే పొడి గీతల్లో నిలిచి అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి.

చదవగలిగాక రాత వార్నిష్‌కు కింద ఉందా, పైన ఉందా అన్నది చూడాలి. తయారీదారు పేరు రాసిన చేతితోనే, అదే సిరాతో, అదే పూత కింద యజమాని పేరు కూడా ఉంటే ఆ రాడ్ అతడి కోసమే చేసినదని బలంగా చెప్పవచ్చు. పూత మీద ఉన్న పేరు రెండవ, మూడవ యజమానిది కావచ్చు. అయితే మధ్యలో ఎవరైనా కొత్త పూత వేయించి ఉంటే పైనున్న రాత కూడా కిందికి చేరుతుంది. రింగుల దగ్గర దారపు చుట్ల రంగు ఆ తయారీదారు ఆ నమూనాకు వాడిన రంగుతో సరిపోలకపోతే అలాంటి మరమ్మతు జరిగిందని అనుమానించాలి.

సమస్య: గొట్టం మీది పేరు రాడ్ కాలానికి సరిపోవడం లేదు

గొట్టాలు, గుడ్డ సంచులు సులభంగా చేతులు మారతాయి. ముందు కొలవండి. ఏడున్నర అడుగుల రాడ్ మూడు ముక్కలదైతే ఒక్కో ముక్క 30 అంగుళాల పైచిలుకు ఉంటుంది, గొట్టం దానికన్నా కొద్దిగా మాత్రమే పొడవుండాలి. సంచిలో అరలు ముక్కల సంఖ్యకు సరిపోవాలి. కొలతలు కుదరకపోతే గొట్టం వేరే రాడ్‌దని భావించి, దాని మీది పేరును విడిగా నమోదు చేసుకోవాలి. రాడ్ ముక్కల మీద వరుస సంఖ్యలు వేర్వేరుగా ఉంటే రాడే రెండు రాడ్ల నుంచి కూర్చినదన్నమాట. అప్పుడు పిడి ఉన్న మొదలు ముక్క యజమానినే వెతకడం సబబు.

గొట్టం మీది చిరునామా చీటీకి మరో ఉపయోగం ఉంది. అమెరికా పెద్ద నగరాల్లో 1943 నుంచి ఊరి పేరు తరువాత ఒకటి రెండు అంకెల తపాలా జోను రాసేవారు; 1963 జూలైలో అయిదంకెల జిప్ కోడ్‌లు వచ్చాయి. "డెన్వర్ 6, కొలో" అని ఉన్న చీటీ చాలావరకు ఆ రెండు సంవత్సరాల మధ్యది.

సమస్య: పేరు, ఊరు తెలిశాయి, కానీ ఆ పేరుతో పదిమంది ఉన్నారు

ఇక్కడ సహనం కావాలి. ఆ ఊరి సిటీ డైరెక్టరీలను ఏడాది ఏడాదికీ చూస్తే చిరునామాతోపాటు వృత్తి కూడా దొరుకుతుంది. అమెరికా జనాభా లెక్కలు 72 ఏళ్ల తరువాత బయటపెడతారు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్ 1న అందుబాటులోకి వచ్చాయి. వీటన్నిటికన్నా నేను విలువైనవిగా భావించేవి రెండు ప్రపంచ యుద్ధాల సైనిక నమోదు కార్డులు. వాటిలో ఆ వ్యక్తి స్వహస్తంతో చేసిన సంతకం ఉంటుంది కనుక, గొట్టం మీదో సంచి మీదో యజమాని తానే రాసుకున్న పేరుతో అక్షరాల వంపులు పోల్చవచ్చు. 1942 ఏప్రిల్‌లో 45 నుంచి 64 ఏళ్ల పురుషులను కూడా నమోదు చేశారు. ఖరీదైన రాడ్లు కొనగలిగినవారిలో ఆ వయసువారు తక్కువేమీ కాదు. ఇంగ్లండులో అయితే 1931 లెక్కలు 1942లో మంటల్లో పోయాయి కనుక 1921 లెక్కలను, 1939 సెప్టెంబరులో తయారైన రిజిస్టరును, 1858 నుంచి ఉన్న వీలునామాల సూచికను కలిపి చూడాలి. యజమాని వివాహిత స్త్రీ అయితే భర్త పేరు ముందు "మిసెస్" చేర్చి రాసేవారు కనుక భర్త వివరాల ద్వారానే వెళ్లవలసి ఉంటుంది.

పదవీ విరమణ బహుమతిగా ఇచ్చిన రాడ్ అయితే పని తేలిక. ఇచ్చిన సంస్థ పేరు, తేదీ ఉంటే ఆ ఊరి వార్తాపత్రికలో ఆ సభ వార్త కోసం చూడండి.

సమస్య: యజమాని గుర్తు ఒక్కటీ లేదు

అప్పుడు తయారీదారు పుస్తకమే దిక్కు. న్యూయార్క్ రాష్ట్రంలోని యాంకర్స్‌లో ఉంటూ చేతితో కొద్ది రాడ్లు మాత్రమే చేసిన ఎవరెట్ గ్యారిసన్ వంటివారికి కొన్నవారితో నేరుగా పరిచయం ఉండేది. అలాంటివారి రాడ్ అయితే ఏవైనా రికార్డులు మిగిలాయేమో వెర్మాంట్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ ఫ్లై ఫిషింగ్‌ను, లివింగ్‌స్టన్ మేనర్‌లోని క్యాట్‌స్కిల్ మ్యూజియంను అడగడం మంచిది. మాంటేగ్, సౌత్ బెండ్ వంటి ఫ్యాక్టరీలు దుకాణాలకు టోకున పంపేవి కనుక చివరకు కొన్నదెవరో వాటికే తెలియదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత 'ఆక్రమిత జపాన్‌లో తయారైంది' అన్న ముద్రతో వచ్చిన రాడ్లకూ అంతే. అలాంటి రాడ్ విషయంలో అమ్మినవారే మిగిలిన దారి కాబట్టి, కొన్న రోజునే అది ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అడిగి రాసుకోవాలి. అమ్మకం నిర్వహించినవారు కుటుంబం పేరు చెప్పకపోయినా మన ఉత్తరాన్ని వారికి అందజేసేందుకు చాలాసార్లు ఒప్పుకుంటారు.

సమస్య: కుటుంబం దొరికింది, కానీ జవాబు రావడం లేదు

తెలియనివారు తాతగారి పేరు, చిరునామా చెబుతూ రాసిన ఉత్తరాన్ని మోసంగా భావించడం సహజం. ఉత్తరం ఒక పుటకు మించకుండా, రాడ్ ఎక్కడ కొన్నారో, పేరు ఎక్కడ ఉందో చెప్పి, ఆ రాత ఫొటో జతచేసి, మీరు అడుగుతున్నది సమాచారమే తప్ప డబ్బు కాదని రాయండి. రాడ్ విలువను ప్రస్తావించకండి. దాన్ని తిరిగి ఇచ్చే ఉద్దేశం నిజంగా ఉంటేనే ఆ మాట ఎత్తండి. ఆయన రాడ్‌తో ఉన్న పాత ఫొటో ఏదైనా ఉందా అని అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఒక్కొక్కప్పుడు ఆ రాడ్ దొంగతనానికి గురైందని జవాబు రావచ్చు. అప్పుడు అమ్మకం ఆలోచన పక్కన పెట్టి, కొనుగోలు రసీదు, ఫొటోలు సిద్ధం చేసుకుని, నాటి ఫిర్యాదు వివరాలు కుటుంబాన్ని అడగాలి. ఆ ఊరి పోలీసులను సంప్రదించి, రాడ్ ఎవరికి చెందుతుందో తేలేదాకా దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, మరమ్మతు చేయించకుండా భద్రపరచాలి.