సైబర్ వార్త చదవడం ఎలా? 4వ పాఠం: ఖండన ప్రకటన

పోయిన పాఠంలోని అభ్యాసం చేయకపోయినా పర్లేదు. ఈరోజుకి పెన్సిల్ ఉంటే చాలు. ఏదైనా సంస్థ "మా మీద దాడి జరగలేదు" అంటే, ఆ మాట ఏ యంత్రం గురించో చూసి దాని కింద గీత గీయాలి.

2019 అక్టోబర్ చివర్లో, తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో డీట్రాక్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) చొరబడిందని సోషల్ మీడియాలో గోల మొదలైంది. 29న ఆ విద్యుత్ కేంద్రమే ఖండించింది. ప్లాంటుని నడిపే కంట్రోల్ సిస్టమ్‌లకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదని, వాటి మీద సైబర్ దాడి సాధ్యం కాదని చెప్పింది. మర్నాడే, ఆ కేంద్రాన్ని నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌పీసీఐఎల్ ఇంకోటి చెప్పింది: మాల్‌వేర్ దొరికిన మాట నిజమే, అయితే అది ఆఫీసు పనుల నెట్‌వర్క్‌లో ఉన్న పీసీలో. సైబర్ దాడుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ దాన్ని గమనించింది సెప్టెంబర్ 4న.

మాట మార్చారనిపిస్తుంది కదా? మొదటి ప్రకటనలో "కంట్రోల్ సిస్టమ్" కింద, రెండోదాంట్లో "పీసీ" కింద గీత గీసి మళ్లీ చదవండి. ఇంట్లో దొంగ పడ్డాడా అని అడిగితే, బీరువాకి తాళం వేసే ఉందన్నారు. తాళం నిజమే. దొంగ సంగతి?

ఆఫీసు పీసీయే కదా అని తీసిపారేయకండి. డీట్రాక్ పని గూఢచర్యం. మీరు నొక్కిన కీలు, చూసిన సైట్లు, ఫైళ్ల జాబితా పోగుచేస్తుంది. ఎవరు ఏ పని చూస్తారో తెలిస్తే వాళ్లని నమ్మించే దొంగ మెయిల్ రాయొచ్చు. ఒకప్పుడు దొంగ మెయిల్‌ని తప్పుల భాషే పట్టిచ్చేది. ఇప్పుడు ఆ తప్పులు ఏఐ దిద్దిపెడుతుంది. ఉత్తర కొరియా గ్రూపు ఒకటి ఫిషింగ్‌కి, అంటే దొంగ మెయిళ్లతో మోసగించడానికి, పనికొచ్చే రాతల కోసం ఏఐని వాడిందని 2024 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐ బయటపెట్టాయి.

ఇక "సాధ్యం కాదు" అన్న మాట పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం యంత్రాలకూ ఇంటర్నెట్ లేదు. అయినా 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే మాల్‌వేర్ పెన్‌డ్రైవ్‌ల మీద ప్రయాణించే గుణంతో అక్కడికి చేరి, యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌లను పాడుచేసింది.

అభ్యాసం: ఈ వారం వచ్చిన ఒక హ్యాకింగ్ వార్త తీసుకోండి. యంత్రం పేరు కింద గీత గీయండి. తెలిసిన తేదీ, చెప్పిన తేదీ పక్కపక్కన రాయండి. కూడంకుళంలో వాటి మధ్య తేడా 56 రోజులు. వార్తలో ఒక తేదీ లేకపోతే ఆ గడి ఖాళీగానే ఉంచండి, ఊహించి నింపొద్దు. దాడి ఎవరు చేశారన్నది 5వ పాఠంలో.