రీస్టార్ట్ చేసే ముందు: టెర్మినల్‌లో నడుస్తున్న ప్రాసెస్‌లను చూసే విధానం

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం బజార్లలోని డీటీపీ షాపులలోనూ, ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెట్టే షాపులలోనూ పాత కంప్యూటర్లు ఇంకా చాలానే పని చేస్తున్నాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగియడంతో, వాటిలో కొన్నింటికి ఉబుంటు, మింట్ వంటి లైనక్స్ వ్యవస్థలు వేయించుకున్నవారు ఉన్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం రాస్తున్నాను. కంప్యూటర్ స్ట్రక్ అయిందనగానే పవర్ బటన్‌ను నొక్కి పట్టుకోవడం మనందరికీ అలవాటైపోయింది. అలా చేస్తే యంత్రం మళ్లీ లేచి కూర్చుంటుంది గానీ, ఒకవైపు తెలుగులోనూ మరొకవైపు ఒడియాలోనూ కూర్చిన పెళ్లిపత్రిక సేవ్ కాకుండానే పోవచ్చు. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, యంత్రం ఎందుకు ఆగిపోయిందో చెప్పగలిగిన సాక్ష్యం కూడా దానితోపాటే చెరిగిపోతుంది. అందుచేత ముందు చూడాలి, ఆ తరువాతే ఏదైనా చేయాలి.

నడుస్తున్న ప్రతి ప్రోగ్రామునూ ప్రాసెస్ అంటారు. ప్రతి ప్రాసెస్‌కూ పీఐడీ అనే ఒక సంఖ్య ఉంటుంది. ఒకే సమయంలో రెండు ప్రాసెస్‌లకు ఒకే సంఖ్య ఉండదు. ఒకే ప్రోగ్రామును రెండుసార్లు తెరిస్తే పేరు ఒకటే కావచ్చు గానీ సంఖ్యలు వేరుగా ఉంటాయి కాబట్టి, ప్రాసెస్‌ను ఎప్పుడూ సంఖ్యతోనే గుర్తించాలి. యంత్రం లేవగానే మొదలయ్యే తొలి ప్రాసెస్ సంఖ్య 1. నేటి లైనక్స్‌లలో ఆ స్థానం ఎక్కువగా సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాముది.

ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టి మీటలను కలిపి నొక్కితే టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే కిటికీ, తెరుచుకుంటుంది. ఇక్కడ మన ప్రాంతపు వారికి ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ అనే మూడు కీబోర్డుల మధ్య రోజంతా మారుతూ పని చేసేవారు, టెర్మినల్‌లో టైప్ చేసే ముందు కీబోర్డు ఇంగ్లిష్‌లో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కమాండ్ బదులు తెలుగు అక్షరాలు పడి, అటువంటి కమాండ్ ఏదీ లేదన్న జవాబు వస్తుంది. ఈ వ్యాసంలో కమాండ్లను పలికినట్లుగా తెలుగు లిపిలో చూపిస్తున్నాను. మీరు మాత్రం వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాలలో, ఖాళీలూ గీతలూ ఇక్కడ ఉన్నట్లే ఉంచి టైప్ చేయాలి.

మొదటి కమాండ్‌లో రెండే అక్షరాలు ఉంటాయి: పి, ఎస్.

పీఎస్

దీనిని ఒంటరిగా ఇస్తే ఆ టెర్మినల్‌లో మీరు మొదలుపెట్టిన ప్రాసెస్‌లు మాత్రమే, సాధారణంగా రెండు మూడు వరుసలు, కనిపిస్తాయి. ‘ఏమీ నడవడం లేదు కదా, మరి ఎందుకింత నెమ్మది’ అని కొత్తవారు తికమకపడేది ఇక్కడే. యంత్రంలో ఉన్న ప్రాసెస్‌లన్నీ కావాలంటే ఎ, యు, ఎక్స్ అనే మూడు అక్షరాలను చేర్చాలి. వాటి ముందు అడ్డగీత పెట్టకూడదు.

పీఎస్ ఎయుఎక్స్

ఇప్పుడు తెర నిండిపోయి జాబితా పైకి పరుగెత్తుతుంది. కంగారు పడనక్కరలేదు. ఎడమ నుంచి మొదటి కాలమ్‌లో ప్రాసెస్ ఎవరి పేరుమీద నడుస్తున్నదో, రెండవదానిలో పీఐడీ, తరువాతి రెండింటిలో సీపీయూ శాతం, మెమరీ శాతం, చిట్టచివర కమాండ్ ఉంటాయి. మధ్యలో ఉండే ఆర్ఎస్ఎస్ అనే కాలమ్, ఆ ప్రాసెస్ ర్యామ్‌లో నిజంగా ఎంత చోటు పట్టిందో కిలోబైట్లలో చెబుతుంది. దాని పక్కనున్న వీఎస్‌జడ్ సాధారణంగా పెద్ద సంఖ్యగానే కనిపిస్తుంది, దానిని చూసి భయపడకండి. చదరపు కుండలీకరణాల మధ్య పేర్లున్న వరుసలు చాలావరకు కెర్నల్ (లైనక్స్ మూలభాగం) సొంత పనులు, వాటి జోలికి వెళ్లకూడదు.

సీపీయూ శాతాన్ని చదివేటప్పుడు చాలామంది పొరబడతారు కాబట్టి దానిని కొంచెం వివరిస్తాను. పీఎస్ చూపే శాతం ఈ క్షణానిది కాదు. ఆ ప్రాసెస్ మొదలైనప్పటి నుంచి ఇప్పటివరకు వాడుకున్న సీపీయూ సమయాన్ని, అది బతికి ఉన్న మొత్తం కాలంతో భాగించగా వచ్చిన సగటు. ఒక బ్రౌజర్ 180 నిమిషాలు ఊరకే ఉండి, చివరి 2 నిమిషాలు మాత్రం ఒక సీపీయూను పూర్తిగా ఆక్రమించిందనుకోండి. పీఎస్‌లో దాని ఎదుట సుమారు 1.1 శాతమే కనిపిస్తుంది. అసలు దోషి అదే అయినా జాబితాలో అమాయకంగా నిలబడుతుంది. మెమరీ విషయంలో ఈ ఇబ్బంది లేదు, అది ఆ క్షణపు లెక్కే. అందువల్ల నేను మెమరీ ఎవరు తింటున్నారో తెలుసుకోవడానికి పీఎస్‌ను, సీపీయూ సంగతికి తరువాత చెప్పబోయే టాప్ అనే కమాండ్‌ను వాడమంటాను.

మెమరీ ఎక్కువగా వాడే వాటిని పైకి తెచ్చి, మొదటి పది వరుసలే చూపించే కమాండ్ ఇది:

పీఎస్ ఎయుఎక్స్ --సార్ట్=-ఆర్ఎస్ఎస్ | హెడ్

ఇందులో శీర్షిక వరుస కూడా లెక్కలోకి వస్తుంది కనుక కనిపించే ప్రాసెస్‌లు తొమ్మిది. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో దరఖాస్తుల కోసం నాలుగైదు ట్యాబులు తెరిచి ఉంచితే ఈ జాబితాలో ఫైర్‌ఫాక్స్ పలుమార్లు కనిపించడం సహజం, ఎందుకంటే అది వెబ్‌సైట్లను వేరువేరు ప్రాసెస్‌లుగా విడదీసి నడుపుతుంది. ఆ వరుసలలోని ఆర్ఎస్ఎస్‌లను కూడితే వచ్చే మొత్తం అసలుకంటే ఎక్కువగా ఉంటుంది. అవి ఉమ్మడిగా వాడుకునే మెమరీ ప్రతి వరుసలోనూ మళ్లీ మళ్లీ లెక్కకు వస్తుంది. మొత్తం మీద ఎంత మిగిలిందో తెలియాలంటే ఫ్రీ -హెచ్ అనే కమాండ్ ఇచ్చి, అవైలబుల్ అనే చివరి కాలమ్‌ను చూడాలి.

ఇక స్టాట్ అనే కాలమ్. నా దృష్టిలో మొత్తం జాబితాలో ఇదే అత్యంత విలువైనది, దీనినే అందరూ దాటేసి వెళ్తారు. అందులోని మొదటి పెద్ద అక్షరం ప్రాసెస్ స్థితిని చెబుతుంది. ఆర్ అంటే నడుస్తున్నది, లేదా సీపీయూ దొరికితే నడవడానికి సిద్ధంగా ఉన్నది. ఎస్ అంటే ఏదో ఒక సంఘటన కోసం నిద్రలో ఎదురుచూస్తున్నది. జాబితాలో చాలావరకు ఇవే ఉంటాయి, అది ఆరోగ్య లక్షణమే. టి అంటే ఆపివేయబడినది. టెర్మినల్‌లో కంట్రోల్, జడ్ పొరపాటున నొక్కితే ఇలా అవుతుంది, ఎఫ్‌జి అని టైప్ చేస్తే తిరిగి నడుస్తుంది. జడ్ అంటే పని ముగిసిపోయినా, దాన్ని మొదలుపెట్టిన ప్రాసెస్ ఆ ముగింపును ఇంకా నమోదు చేసుకోకపోవడం వల్ల జాబితాలో మిగిలిపోయిన పేరు. అది మెమరీనీ, సీపీయూనూ వాడదు, ఇప్పటికే ముగిసిపోయింది కనుక దాన్ని చంపడమూ కుదరదు.

అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసిన అక్షరం డి. డిస్క్ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో సమాధానం వచ్చేవరకు కదలని స్థితి అది. పాతపట్నం నుంచి వచ్చిన ఒకరు పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు ఇచ్చి, ‘కాపీ అవ్వట్లేదు బాబూ, ఇక పీకేయండి’ అంటే వెంటనే పీకేయకూడదు. టెర్మినల్ తెరిచి చూస్తే, కాపీ చేస్తున్న ప్రాసెస్ ఎదుట డి కనిపిస్తుంది. కొన్ని క్షణాల తరువాత మళ్లీ చూస్తే ఎస్ లేదా ఆర్‌గా మారి ఉంటే, పని నెమ్మదిగానైనా సాగుతున్నట్లే. ఎంతసేపటికీ అదే డి ఉండిపోతే పెన్‌డ్రైవ్‌నో, పోర్టునో, డిస్క్‌నో అనుమానించాలి. ఆ స్థితిలో ఉన్న ప్రాసెస్‌పై, దాన్ని ఆపడానికి వాడే కిల్ కమాండ్ సాధారణంగా వెంటనే పని చేయదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పేరు తెలిసిన ప్రోగ్రామును వెతకడానికి పీగ్రెప్ ఉంది. దాని స్పెల్లింగ్ పి, జి, ఆర్, ఇ, పి. డీటీపీ షాపులలో తరచూ ఎదురయ్యే చిక్కు చూడండి. లిబ్రేఆఫీస్ కిటికీ మూసుకుపోతుంది, మళ్లీ తెరవబోతే తెరుచుకోదు. అప్పుడు ఇలా అడగాలి:

పీగ్రెప్ -ఎ ఎస్ఆఫీస్

సంఖ్యతోపాటు ఎస్ఆఫీస్.బిన్ అనే పేరు వస్తే, కిటికీ పోయినా లోపల పాత ప్రాసెస్ బతికే ఉందని అర్థం. ఏమీ రాకపోతే చిక్కు వేరే చోట ఉంది. తెలుగు టైపింగ్ ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడూ ఇదే పద్ధతిలో ఐబస్ (కీబోర్డు భాషలను నడిపే ప్రోగ్రాము) కోసం వెతకవచ్చు. అది జాబితాలో లేకపోతే ఒకసారి లాగ్ అవుట్ అయి తిరిగి లోపలికి వస్తే సాధారణంగా సరిపోతుంది, యంత్రాన్ని ఆపనక్కరలేదు. పీగ్రెప్ పేరులోని మొదటి 15 అక్షరాలనే చూస్తుంది కాబట్టి, పొడవైన పేర్లకు -ఎఫ్ చేర్చి మొత్తం కమాండ్ వరుసలో వెతికించాలి.

జరుగుతున్నదాన్ని జరుగుతున్నట్లే చూపేది టాప్. విలియం లెఫెబ్ర్ 1984లో తొలిసారి రాసిన ఈ పేరుగల ప్రోగ్రాము ఆలోచనే నేటికీ కొనసాగుతున్నది. టాప్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే, కొద్ది క్షణాలకొకసారి తనంతట తానే మారే జాబితా వస్తుంది. పెద్ద ఎం నొక్కితే మెమరీ ప్రకారం, పెద్ద పి నొక్కితే సీపీయూ ప్రకారం వరుస మారుతుంది. చిన్న క్యూ నొక్కితే బయటికి వస్తారు. ఒక ప్రాసెస్ ఎదుట 100 కంటే ఎక్కువ శాతం కనిపిస్తే అది తప్పు కాదు, సీపీయూలో నాలుగు కోర్లు, అంటే విడివిడిగా పని చేయగల నాలుగు భాగాలు, ఉన్న యంత్రంలో 400 వరకు రావచ్చు.

టాప్ మొదటి వరుస చివర లోడ్ యావరేజ్ పేరుతో ఉండే మూడు సంఖ్యలు గత 1, 5, 15 నిమిషాల సగటులు. సేవాకేంద్రం కౌంటర్ల వద్ద పని జరిపించుకుంటున్నవారినీ, వరుసలో నిలుచున్నవారినీ కలిపి లెక్కపెట్టినట్లుగా దీనిని అర్థం చేసుకోవచ్చు. నాలుగు కోర్లున్నప్పుడు లోడ్ 4 దాకా ఉంటే ఎవరూ పెద్దగా ఆగనట్లే. 12 ఉంటే చాలామంది ఆగి ఉన్నట్లు. లైనక్స్ ఈ లెక్కలో డి స్థితిలో ఉన్నవాటిని కూడా కలుపుతుంది. కాబట్టి సీపీయూ ఖాళీగా కనిపిస్తూ లోడ్ మాత్రం ఎక్కువగా ఉంటే, డిస్క్ వద్దనే రద్దీ ఉందని గ్రహించాలి. మొదటి సంఖ్య మూడవదానికంటే పెద్దదైతే భారం పెరుగుతున్నది, చిన్నదైతే తగ్గుతున్నది. కరెంటు పోయి వచ్చాక ఉబుంటు లేచిన కొత్తలో యంత్రం బరువుగా కదిలితే, టాప్‌లో ఆప్ట్ లేదా అనటెండెడ్-అప్‌గ్రేడ్ వంటి పేర్లున్నాయేమో చూడండి. అవి అప్‌డేట్లు. వాటిని మధ్యలో తెంచకుండా కాసేపు వదిలేయడమే మంచిది.

అన్నీ చూశాక ఒక ప్రాసెస్‌ను ఆపక తప్పదని తేలితే, కిల్ అని రాసి పక్కన దాని పీఐడీ ఇవ్వాలి. అలా ఇస్తే 15వ సంకేతం వెళ్తుంది. ప్రోగ్రాము తన ఫైళ్లను సర్దుకుని ముగియడానికి అవకాశం ఉంటుంది. కొంతసేపు ఆగినా కదలకపోతేనే కిల్ -9 వాడాలి. దానిలో ఆ అవకాశం ఉండదు, కెర్నలే నేరుగా తీసేస్తుంది. లిబ్రేఆఫీస్‌ను ఇలా ఆపితే తాళం ఫైలు మిగిలిపోయి, మళ్లీ తెరిచినప్పుడు ఆ పత్రం వేరొకరి వాడకంలో ఉందని చెప్పవచ్చు.

విండోస్ మీదే కొనసాగుతున్నవారు కమాండ్ ప్రాంప్ట్‌లో టాస్క్‌లిస్ట్ అని టైప్ చేస్తే పేర్లు, పీఐడీలు, మెమరీ వస్తాయి. ఆపడానికి టాస్క్‌కిల్ ఉంది.

మీకు అంతుపట్టకపోతే, యంత్రాన్ని ఆపే ముందే జాబితాను ఒక ఫైలులోకి దించి పెట్టుకోండి:

పీఎస్ ఎయుఎక్స్‌డబ్ల్యుడబ్ల్యు > జాబితా.టిఎక్స్‌టి

ఫైలు పేరును మీకు నచ్చినట్లు పెట్టుకోవచ్చు. రెండు డబ్ల్యులు కమాండ్ వరుసలు మధ్యలో తెగకుండా చూస్తాయి. మరమ్మతు చేసేవారికి దానిని వాట్సాప్‌లో పంపవచ్చు గానీ, పంపే ముందు చివరి కాలమ్‌ను ఒకసారి చదవండి. తెరిచి ఉన్న ఫైళ్ల పేర్లలో మీ ఖాతాదారుల పేర్లు ఉండవచ్చు, ఏదైనా కమాండ్‌కు పాస్‌వర్డ్‌ను పక్కనే ఇచ్చి ఉంటే అది కూడా అక్కడ బాహాటంగా కనిపిస్తుంది. అటువంటి వరుసలను తీసివేసి మిగతాది పంపండి.