పేర్లు దొరకని సమరయోధులకు ఊళ్లో శిలాఫలకం పెట్టాలంటే

ఆగస్టు దగ్గరపడుతోందంటే చాలు, గుంటూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా కొట్టుకి జనం వస్తారు. "మేస్త్రీ గారూ, మా ఊరి సమరయోధులకు ఓ ఫలకం చెక్కాలి. పేర్లు మాత్రం తెలియవు" అంటారు. రాయి సంగతి తర్వాత, ముందు పేర్లు వెతకండి అంటాను.

1972లో ప్రభుత్వం సమరయోధులకిచ్చిన తామ్రపత్రాలు (రాగి రేకు మీద చెక్కిన గౌరవ పత్రాలు) అందుకున్నవాళ్ల ఇళ్లకు వెళ్లండి. పక్కన నడిచినవాళ్ల ముచ్చట్లు ఆ ఇళ్లలో ఇంకా వినపడుతుంటాయి. 1921-22లో మన గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో (కొన్ని ఊళ్లు కలిసిన రెవెన్యూ విభాగం) తెల్లదొరలకు పన్ను కట్టేది లేదని ఊళ్లకు ఊళ్లే మొండికేశాయి. ముందుండి నడిపిన పర్వతనేని వీరయ్య చౌదరి పేరు నిలిచింది. పాలేర్లు, కూలీల పేర్లు ఎవరు రాసిపెట్టారు? అందుకే మోతుబరుల అరుగుల దగ్గరే ఆగిపోకుండా అన్ని పేటల్లోనూ అడగండి.

అయినా కొన్ని దొరకవు. దొరికినవి పైన చెక్కించి, కింద మూడో వంతు రాయి ఖాళీగా వదలండి. రేపెవరైనా ఓ పేరు పట్టుకొస్తే చోటుండాలి కదా. బోసిగా ఉంది, పావురం బొమ్మ వేయమంటారు. ఒప్పుకోవద్దు.

పల్నాడు నాపరాయి చవకే, కానీ ఎండకీ వానకీ పొరలు లేస్తుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ తీసుకోండి. వరసల మధ్య ఎడం బాగా పెట్టించండి, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. అక్షరం మరీ చిన్నదైతే సున్నా మధ్యలో మిగలాల్సిన బొట్టంత రాయి పెచ్చు లేచిపోయి, సున్నా కాస్తా గుంటవుతుంది. అంగుళంన్నరకు తగ్గనివ్వొద్దు. రంగుకి తెల్ల ఎనామిల్ చాలు, బంగారు రంగు తొందరగా నల్లబడుతుంది.

అసలు పేచీ ఆవిష్కర్తలతోనే. ఓ ఊరివాళ్లు తెచ్చిన కాగితంలో సమరయోధులకు రెండు వరసలు, పెద్దమనుషులకు పద్నాలుగు! ఆ పేర్లన్నీ విడిగా చిన్న పలక మీద చెక్కించి దిమ్మె వెనక బిగించండి. ఎవరైనా అలిగితే తెనాలి రణరంగ చౌక్ తీసుకెళ్లి, క్విట్ ఇండియా ఉద్యమంలో 1942 ఆగస్టు 12న పోలీసు కాల్పుల్లో పోయిన ఏడుగురి స్మారకం చూపించండి.

అడ్వాన్సు ఇచ్చేముందు రాతను ముగ్గురి చేత పైకి చదివించి సంతకాలు తీసుకోండి. చెక్కాక దీర్ఘం తప్పిందంటే ఆ రాయి మా పెరట్లో బట్టలుతికే బండ అవుతుంది, డబ్బు మాత్రం వెనక్కి రాదు.